చూశామనుకున్న సీరియళ్ళు

"రామాయణ్ చూస్తూ పెరిగాం" అని మా వయసువాళ్ళం నలుగురం కలిస్తే అనుకుంటాం. నేనూ అంటాను. ఈమధ్య ఫోన్లో మొదటి ఎపిసోడ్ నుంచి వరసపెట్టి చూడ్డం మొదలుపెట్టాక తేలిందేమిటంటే, నేను దాన్ని చూసింది సగమే. ఆ సగంలోనూ కొంత కరెంటు తీసుకుపోయింది, కొంత గుమ్మం దగ్గర నిలబడి పెద్దవాళ్ళ తలల సందుల్లోంచి చూసింది. మిగిలినదాంట్లో అర్థమైంది ఎంతో ఆ రాముడికే తెలియాలి, ఎందుకంటే అది హిందీ.

1987 జనవరి 25న మొదలై 1988 జులై 31 దాకా వచ్చింది. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర. మా వీధిలో అప్పటికి టీవీ ఉన్న ఇల్లు మాదొక్కటే. పక్కలకి జరిపే తలుపులున్న చెక్కపెట్టె, అందులో డయనోరా బ్లాక్ అండ్ వైట్ సెట్టు. యాంటెన్నా తిప్పిన కథ ఇక్కడ చెప్పను. అది అందరూ చెప్పేశారు. ప్రతి డాబా మీదా ఒక అన్నయ్య ఉన్నాడు, కిందనుంచి "ఆ... ఆగు, అక్కడే ఆగు" అని అరిచినవాళ్ళు అందరిళ్ళల్లోనూ ఉన్నారు.

ఇల్లు మాదే అయినా మాకు చోటుండేది కాదు. "మన టీవీ రోజూ ఉంటుంది, వాళ్ళకి ఆదివారమే కదా" అనేది అమ్మ. ఆ లెక్కన చాప మీద వీధి పిల్లలు, కుర్చీల్లో పెద్దలు, మడతమంచం మీద నాయనమ్మ, ఆవిడ పక్కన దోసిట్లో అక్షింతలతో ఇద్దరు ముగ్గురు మామ్మగార్లు. అన్నయ్యా నేనూ గుమ్మంలో. అన్నయ్యకి తర్వాత ప్రమోషన్ వచ్చింది, దాని గురించి చెబుతాను.

వచ్చినవాళ్ళలో ఒక్కరికీ హిందీ రాదు. దక్షిణ భారత హిందీ ప్రచార సభ వాళ్ళ పరీక్షల్లో అన్నయ్య 'మధ్యమ' దాకా వచ్చాడు. అంతే, మొత్తం సభకి వాడే దుబాసీ. మంచం కోడు దగ్గర వాడికో పీట వేశారు. దశరథుడు ఐదు నిమిషాలు కన్నీళ్ళతో మాట్లాడితే మావాడు "బాధపడుతున్నాడు" అని తేల్చేసేవాడు. నాయనమ్మకి కథ ఎలాగూ తెలుసు కాబట్టి వీడు చెప్పేలోపే ఆవిడ ముందుకెళ్ళిపోయి, మంథర రాకముందే మంథరని తిట్టడం మొదలుపెట్టేది. రామాయణ్‌కి అలా గడిచిపోయింది.

అసలు తంటా మహాభారత్‌తో వచ్చింది. 1988 అక్టోబరు 2న మొదలైంది, 94 ఎపిసోడ్లు. ప్రతి భాగం ముందూ చీకట్లో ఒక చక్రం, మనిషి కనపడకుండా గంభీరంగా ఓ గొంతు. హరీశ్ భిమానీ గొంతు, రాహీ మాసూమ్ రజా రాసిన మాటలు. ఇవన్నీ ఇప్పుడు తెలుసు. అప్పుడు మా ఇంట్లో నడిచిన సంభాషణ ఇదీ:

"ఎవర్రా మాట్లాడేది? మనిషి కనపడడేం?"

"కాలం, నాయనమ్మా."

"ఏమంటోంది?"

"మామూలే. కాలం గురించి."

వారం వారం అదే సమాధానం. ఇప్పుడు కింద అక్షరాలు పెట్టుకుని చూస్తే, ఆ మాటలు ఎంత బరువైనవో! మొదటి ఎపిసోడ్‌లోనే భరతుడు తన కొడుకులు ఎవరూ తగరని తేల్చి, యోగ్యుడైన భుమన్యుణ్ణి యువరాజుగా ప్రకటిస్తాడు. రాజ్యం పుట్టుకకా, అర్హతకా అన్న ప్రశ్న అక్కడ లేపి, కురుక్షేత్రం దాకా దాన్ని లాక్కెళ్ళాడు రచయిత. కథంతా ఆ మేకుకే వేలాడుతుంది. అన్నయ్య దాన్ని తెలుగులోకి దించిన తీరు నాకు బాగా గుర్తుంది: "రాజుగారి పిల్లలు సరిగ్గా చదవట్లేదు." మామ్మగార్లందరూ వాళ్ళ వాళ్ళ మనవల్ని తలుచుకుని నిట్టూర్చారు.

ఇక రంగు సంగతి. మనవాళ్ళకి రాముడన్నా కృష్ణుడన్నా రామారావే. అరుణ్ గోవిల్ చిరునవ్వుకి నాయనమ్మ అలవాటుపడటానికి చాలా వారాలు పట్టింది. "బాగానే ఉన్నాడు, కానీ మన రామారావు ముందు..." అని సగంలో ఆపేసేది. మన తెలుగు సినిమాల్లో రాముడికి నీలిరంగు పులమడం రివాజు. మొదటి పూర్తి రంగుల తెలుగు సినిమా అని చెప్పే లవకుశ 1963లో వచ్చిన దగ్గర్నుంచీ ఆ నీలం మన కళ్ళల్లో స్థిరపడిపోయింది. నలుపు తెలుపు టీవీలో గోవిల్ ఒళ్ళు బూడిదరంగులో కనిపిస్తే, అది నీలమే అని అందరం సర్దేసుకున్నాం. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు, మొత్తం వీధికి అది నీలమే. కాదని తెలియడానికి 2020 రావాల్సి వచ్చింది. రామానంద్ సాగర్ తన రాముడికి నీలం వెయ్యనేలేదు. మామూలు మనిషి ఒళ్ళు.

అది కనిపెట్టింది నేను కాదు, అమ్మ.

అప్పట్లో ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి అమ్మ ఎక్కడుండేదో నేనెప్పుడూ ఆలోచించలేదు. హాలు నిండా జనం అంటే వంటింట్లో కాఫీ డికాక్షను రెండోసారి దిగుతోందన్నమాట. పెద్దవాళ్ళకి కాఫీ, పిల్లలకి ఉప్మా, నాయనమ్మకి మడినీళ్ళు, ఆదివారం కాబట్టి తలంట్లకి కుంకుడుకాయలు. గిన్నెలు చప్పుడైతే హాల్లోంచి "ష్" అనేవాళ్ళు, చప్పుడు కాకుండా కడగడం అమ్మకి అప్పుడే అలవాటైంది. టీవీ మా ఇంట్లోనే ఉంది, రామాయణ్ అన్ని వారాలు వచ్చింది, అమ్మ దాన్ని చూడలేదు. విన్నది, అంతే.

2020 మార్చి 28న దూరదర్శన్ మళ్ళీ వెయ్యడం మొదలుపెట్టింది. లాక్‌డౌన్. ఇంటికి ఎవరూ రారు, ఎవరికీ కాఫీలు పెట్టక్కర్లేదు. పొద్దున తొమ్మిదికి ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి. మొదటిరోజు అమ్మ కళ్ళజోడు తుడుచుకుని, సోఫాలో మధ్యలో కూర్చుంది. అమ్మని సోఫా మధ్యలో చూడటం నాకు కొత్త. ఎప్పుడూ అంచున కూర్చునేది, ఎవరో పిలుస్తారన్నట్టు.

లక్ష్మణుడు వచ్చాడు. నోరు తెరిచాడు.

"ఇతనా లక్ష్మణుడు! ఇంత కుర్రాడా?"

"మరెవరనుకున్నావమ్మా?"

"ఆ కోపం, ఆ గొంతు విని పెద్దవాడనుకున్నానే."

అలా ఒక్కొక్కళ్ళకీ మొహాలు అతికించుకుంది. గొంతులన్నీ తెలుసు, మొహాలే తెలియవు. పాటలైతే మాకన్నా ముందే అందుకునేది. హిందీ ముక్క రాదు, కానీ చౌపాయీ పద్యం చివర రాగం ఎక్కడ దిగుతుందో కచ్చితంగా తెలుసు. ఆ సంగీతం కట్టిన రవీంద్ర జైన్ పుట్టుకతోనే చూపులేని మనిషి. ఆ మాట చెబితే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అందుకే వింటే సరిపోయేది" అంది.

రాముడి ఒంటి రంగు సంగతి రెండో రోజో మూడో రోజో బయటపడింది. "నీలం వెయ్యలేదేమే ఈయనకి?" అంది. నాయనమ్మ ఉంటే పెద్ద పంచాయితీయే జరిగేది.

ఏప్రిల్ 16 రాత్రి ఎపిసోడ్‌ని 7.7 కోట్లమంది చూశారని దూరదర్శన్ ప్రకటించుకుంది. ప్రపంచ రికార్డన్నారు, కాదని కొందరు వాదించారు. ఆ తగువు నాకనవసరం. ఆ కోట్లమందిలో కొన్ని లక్షలమంది మా అమ్మలాంటి ఆడవాళ్ళు ఉండే ఉంటారని నా అనుమానం. పాత సీరియల్ మళ్ళీ వేశారని అందరూ అన్నారు. వాళ్ళకి అది మొదటిసారే. ఆ రోజుల్లోనే రావణుడి వేషం వేసిన అరవింద్ త్రివేది తన ఇంట్లో టీవీ ముందు కూర్చుని, సీతాపహరణం వస్తుంటే చేతులు జోడించిన వీడియో ఒకటి ఊరంతా తిరిగింది. అమ్మకి చూపిస్తే "పాపం, చేసేటప్పుడు ఆయనకి మాత్రం చూసే వీలెక్కడుంటుంది" అంది. ఆయన మరుసటి సంవత్సరమే పోయారు.

అన్నయ్య అనువాదాల గుట్టు కూడా అప్పుడే రట్టయింది. వాడు వేరే ఊళ్ళో ఇరుక్కుపోయి రాత్రిళ్ళు వీడియో కాల్ చేసేవాడు. నేను ఒక్కో డైలాగుకీ అసలు అర్థం చెబుతుంటే అమ్మ వాణ్ణి నిలదీసింది.

"అప్పుడు నువ్వు చెప్పింది ఇది కాదు కదరా?"

"నాకు మధ్యమ వరకే వచ్చమ్మా. ఆపైన సొంత కవిత్వం."

స్ట్రీమింగ్‌లో ఈ పాత సీరియళ్ళతో ఓ చిక్కుంది. వాటిని వారానికొకటి చూడమని తీశారు. అందుకే జరిగిన కథ మళ్ళీ చెబుతారు, ఒక ఘోరమైన మాట పడగానే సభలో ఒక్కొక్కరి మొహం మీదకీ కెమెరా వెళుతుంది, వెళ్ళినదే మళ్ళీ వెళుతుంది, బాణాలు ఆకాశంలో ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. వారమంతా ఎదురుచూసినవాడికి అదేమీ ఎక్కువనిపించేది కాదు. ఒకటయ్యాక ఒకటి దానంతటదే మొదలైపోతుంటే మాత్రం మూడో ఎపిసోడ్‌కి ఎవరికైనా నీరసం వస్తుంది. మా అబ్బాయి ఒకటిన్నర స్పీడులో పెట్టాడు. భీష్ముడు గబగబా ప్రతిజ్ఞ చేసేశాడు. అమ్మకి ఒళ్ళు మండింది. "అంత తొందరైతే చూడకు, పో." ఆ తర్వాత అమ్మే నియమం పెట్టింది, రోజుకొక్కటి. అప్పట్నుంచి కథ మళ్ళీ కుదురుకుంది.

పెద్ద టీవీలో ఇంకో గొడవ. ఈ సీరియళ్ళు పాత చదరపు తెర కొలతకి తీసినవి. ఇప్పటి టీవీలో అటూ ఇటూ నల్లపట్టీలు వస్తాయి. అవి ఇష్టంలేనివాళ్ళు సాగదీసి పెడతారు. మా పిన్ని ఇంట్లో అలా సాగదీసిన ద్రౌపదీ స్వయంవరం చూశాను, అర్జునుడికి కూడా పొట్ట వచ్చింది. నల్లపట్టీలే నయం. కొందరు తెర నిండాలని పైనా కిందా కోసేస్తారు, దాంతో కిరీటాలు పోతాయి. కిరీటం లేని దుర్యోధనుడు ఏం దుర్యోధనుడు.

భీముడు మాత్రం ఏ కొలతలోనైనా భీముడే. ప్రవీణ్ కుమార్ సోబ్తీ. ఆయన నిజంగానే డిస్కస్ విసిరి 1966, 1970 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చినవాడని తెలిశాక మా అబ్బాయి ఫోన్ పక్కన పెట్టి గద యుద్ధం పూర్తిగా చూశాడు, మామూలు స్పీడులోనే.

వాడికి అసలు నచ్చింది అమృతం. 2001 నవంబరులో జెమినీలో మొదలై ఆరేళ్ళు నడిచింది, 313 ఎపిసోడ్లు, అన్నీ యూట్యూబులో ఉన్నాయి. నేను హాస్టల్లో ఉన్నప్పుడు కామన్ రూములో రిమోట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళది రాజ్యం కాబట్టి, వచ్చినవి వచ్చినట్టు చూశాను. అమృతం వేషం మొదట శివాజీరాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్ వేశారు. వారాలు గడుస్తుంటే మనకి అది పెద్ద విడ్డూరంగా తోచలేదు. వారం గ్యాపులో మనసు సర్దుకుపోయేది. మావాడికి మాత్రం బటన్ నొక్కకుండానే ఓ రాత్రి హీరో మారిపోయాడు.

"అమ్మా, ఇతనెవరు?"

"అమృతం."

"మరి నిన్నటాయన?"

"ఆయనా అమృతమే."

"ఆంజనేయులు మాత్రం మారలేదేం?"

గుండు హనుమంతరావు మారలేదు. అదృష్టం. ఆయన 2018లో పోయారని వాడికి చెప్పడానికి నాకు నోరు రాలేదు, కానీ ఈ కాలం పిల్లలు ముందు అదే వెతుకుతారు. బొమ్మలో నవ్విస్తున్న మనిషి ఉన్నాడా లేడా అని ఒకసారి చూసుకుని మళ్ళీ నవ్వుకుంటారు. నేనలా చెయ్యలేను. అప్పాజీ అద్దె అడగడానికి రాగానే అంజి మొహం పెట్టే తీరుకి ముందు నవ్వొస్తుంది, తర్వాత మిగతాదంతా గుర్తొస్తుంది. మావాడు టైటిల్ పాట దాటేయబోతే ఫోన్ లాక్కున్నాను. ఇంట్లో అప్రజాస్వామికంగా నేను చేసే పని అదొక్కటే.

పాడుతా తీయగా దగ్గర విచిత్రం జరిగింది. 1996లో ఈటీవీలో మొదలైనప్పుడు మేం పాటల కోసం చూసేవాళ్ళం. పిల్ల పాడటం అయిపోయి బాలూగారు మాట్లాడ్డం మొదలుపెట్టగానే మంచినీళ్ళకనీ, చదువుకనీ లేచి వెళ్ళి, మళ్ళీ పాట అందుకునేసరికి వచ్చి కూర్చునేవాళ్ళం. 2020 సెప్టెంబరు 25న ఆయన పోయిన తర్వాత పాత ఎపిసోడ్లు వెతుక్కుని చూస్తుంటే నా వేలు దానంతటది పాటల్ని దాటేస్తోంది. పాట ఎక్కడైనా దొరుకుతుంది. పాడిన పిల్లని దగ్గరికి పిలిచి, ఆ పదం దగ్గర ఊపిరి ఎందుకు తియ్యకూడదో, 'శ'కీ 'ష'కీ నాలుక ఎక్కడ తేడాగా తగలాలో, ఆ పాట రికార్డింగు రోజు ఏం జరిగిందో ఆయన చెప్పడం మాత్రం అక్కడే ఉంది. పాతికేళ్ళ కిందట మంచినీళ్ళకని లేచి వెళ్ళి వదిలేసిన ముక్కలవి. అవి ఒకళ్ళు దాచి ఉంచారు, వాళ్ళకి దణ్ణం.

మాల్గుడి డేస్ గురించి ఎక్కువ చెప్పను. ఆగుంబెలో శంకర్ నాగ్ తీసిన వర్షం, ఆర్.కె. లక్ష్మణ్ గీసిన బొమ్మలు, స్వామి పరిగెత్తే వీధి. అది అప్పుడూ పూర్తిగా అర్థమైంది, ఇప్పుడూ పూర్తిగా అర్థమైంది. అలాంటివి అరుదు.

దొరకనిదల్లా మన హైదరాబాద్ దూరదర్శన్ సరుకే. 2020 ఏప్రిల్‌లో డీడీ రెట్రో అని ఛానల్ పెట్టారు, 2024 నవంబరులో ప్రసారభారతి వాళ్ళ వేవ్స్ యాప్ వచ్చింది. హిందీవి బాగానే కనిపిస్తున్నాయి. ధర్మవరపు సుబ్రహ్మణ్యం ఆనందోబ్రహ్మ కోసం వెతికితే నాకు చిక్కినవి ముక్కలు. ఎవరో వీసీఆర్‌లో రికార్డు చేసుకున్న టేపులోంచి ఎక్కించినవి, పక్కలు వణుకుతూ. అవే నాకు ఎక్కువ ఇష్టం. మధ్యలో నిర్మా ప్రకటన వస్తుంది, ఓసారి బొమ్మ ఆగిపోయి "అంతరాయానికి చింతిస్తున్నాము" అని అక్షరాలు పడతాయి. ఆ చింత అప్పుడు మాకు ఎంత ఒళ్ళుమంట తెప్పించేదో, ఇప్పుడు ఎవరైనా అది కత్తిరించి ఎక్కిస్తే అంత కోపం వస్తోంది.

చిత్రలహరి అయితే దొరికినా ఏం చేసుకోవాలో తెలియని వస్తువు. శుక్రవారం సాయంత్రం కాసిని సినిమా పాటలు, అంతే కదా. ఆ పాటల్లో ప్రతి ఒక్కటీ ఇప్పుడు అరనిమిషంలో వస్తుంది. రానిది వాటి వరస. ఏ పాట తర్వాత ఏది వేస్తారో తెలియక, ఒక పాత విషాదగీతం వస్తే ఉసూరుమంటూ, తర్వాతదైనా మంచిది వేస్తారేమోనని కళ్ళు తిప్పకుండా కూర్చోవడం. మా అబ్బాయితో ఈ మాటంటే "దానికేముంది" అని, ఏళ్ళ వారీగా పాటలు ఏరి ఒక జాబితా చేసి, కలగాపులగంగా వచ్చేట్టు పెట్టాడు. శుక్రవారం సాయంత్రమే మొదలుపెట్టాం. రెండో పాటకే వాడికి విసుగొచ్చింది.

"మామ్మా, ఇది బోరు. మార్చేస్తా."

"మార్చడానికి వీల్లేదు."

"ఎందుకు? మన ఫోనేగా!"

"అప్పుడు మార్చారా ఎవరైనా?" అంది అమ్మ, సోఫా మధ్యలోంచి. "కూర్చో. అంతగా బోరైతే వంటింట్లోకెళ్ళి నాకు కాఫీ పట్రా. గిన్నెలు చప్పుడు చెయ్యకు."